దుప్పి చేగోడీలు తినదు

ఎందుకు రాస్తున్నానంటే

పోయిన ఏడాది ఏప్రిల్లో, అడవిలో, నా స్నేహితుడి మీద నేను తుపాకీ గురిపెట్టాను. అతన్ని దుప్పి అనుకున్నాను. పేల్చలేదు. కాని ఆ తర్వాత అతనికి అబద్ధం చెప్పాను. ఈ జూలైలో ఇద్దరం చేపలు పట్టడానికి తురంగి వెళ్ళినప్పుడు నిజం చెప్పి వచ్చాను. మూడు రోజుల ప్రయాణం. ఆక్లాండ్‌లో పొద్దున్నే కారెక్కితే మధ్యాహ్నానికి చేరిపోయే ఊరు. దీని గురించి రాయడానికేముంది అనుకునేవాళ్ళకు జవాబు పైన మొదటి నాలుగు వాక్యాల్లోనే ఉంది. ఇక్కడి మనవాళ్ళలో కొత్తగా వేటకు వెళ్తున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళయినా చదవాలి.

నా చదువు పదో తరగతితో ఆగింది. తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయాల్లోనే. మొదట రేపల్లెలో, ఇరవై రెండేళ్ళుగా ఆక్లాండ్‌లో. మౌంట్ ఆల్బర్ట్‌లో మా ఇంటినుంచి లైబ్రరీకి నడిచి వెళ్ళొచ్చు. వేట మీద అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. తుపాకీ లైసెన్సు పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా తప్పలేదు. కాల్చే ముందు ఎదురుగా ఉన్నది ఏమిటో ఏ సందేహమూ లేకుండా తేల్చుకోవాలనే నియమం ఆ పుస్తకంలో ఏ పేజీలో ఉందో ఇప్పటికీ చెప్పగలను. అలాంటి నేనే ఆ పని చేశాను.

స్నేహితుడి పేరు యాదగిరి. నల్గొండ దగ్గర పల్లె ఆయనది. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, అరవై ఆరు. నేను అన్నా అంటాను, ఆయన తమ్మీ అంటాడు. కూరగాయల గోదాములో పద్నాలుగేళ్ళు కలిసి పనిచేశాం. అక్కడి సూపర్‌వైజరే మా ఇద్దరికీ వేట నేర్పాడు. తోటివాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు, కొందరు పిల్లల దగ్గరికి చేరారు. నాకు ఈ దేశంలో మిగిలిన స్నేహితుడు ఈయన ఒక్కడే.

ఏప్రిల్లో ఇక్కడ మగ దుప్పులు ఆడవాటి కోసం అరుస్తాయి. ఆ రోజుల్ని రోర్ అంటారు. వేటగాడు గొట్టంలో నోరుపెట్టి అదే అరుపు అరుస్తాడు. పోటీకి ఇంకో మగది వచ్చిందనుకుని దుప్పి దగ్గరికొస్తుంది. నా గొట్టం మా వాక్యూమ్ క్లీనర్‌ది, ఓ మూర కోసి తీసుకున్నాను. ఆ రోజు గట్టు మీద విడిపోయాం. ఆయన ఎడమకు, నేను కుడికి. కాసేపటికి అరిచాను. లోయలోంచి జవాబొచ్చింది. మళ్ళీ అరిచాను, ఈసారి ఇంకా దగ్గర్లోంచి వచ్చింది. అలా అరగంట. ముప్పై అడుగుల దూరంలో ఫెర్న్ పొదల వెనక గోధుమరంగు కదిలింది. తుపాకీ మీది స్కోపులోంచి చూశాను. పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట తీశాను. అప్పుడొక శబ్దం వినబడి ఆగిపోయాను. అదేం శబ్దమో దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

పొదల్లోంచి యాదగిరన్న నవ్వుకుంటూ బయటికొచ్చాడు. "మంచిగ ఒర్రినవ్ తమ్మీ! నేనే అని ఎర్కైందా?" అన్నాడు. నా మొదటి అరుపుకే ఆయన నన్ను గుర్తుపట్టాడట. ఆటపట్టిద్దామని బదులు అరుస్తూ వచ్చాడట. నేనూ ఆయన్ని గుర్తుపట్టే ఆడుతున్నాననుకున్నాడు.

"తెలియకేం అన్నా" అన్నాను. అదే అబద్ధం.

ఆనాటినుంచి ఎక్కడ నలుగురు చేరినా ఆయన ఈ కథ చెబుతాడు. రెండు దుప్పులూ ఎలా అరిచాయో చేసి చూపిస్తాడు. అందరూ నవ్వుతారు. పక్కన కూర్చుని నేనూ నవ్వుతాను. ఈ ఏప్రిల్లో మోకాలు నొప్పి అని వేటకు వెళ్ళలేదు. మేలో తుపాకీ అమ్మేశాను. మోకాలి వల్లే అని చెప్పాను. జూన్లో లైబ్రరీనుంచి చేపల పుస్తకాలు తెచ్చుకున్నాను.

మౌంట్ ఆల్బర్ట్, శుక్రవారం పొద్దున

నా భార్య సుగుణ స్టీలు డబ్బా నిండా చేగోడీలు పెట్టి కారు దాకా తెచ్చింది.

"అన్నయ్యగారూ, పోయినేడు ఏప్రిల్లో చేసినవి రాళ్ళలా వచ్చాయి. మీ పళ్ళు ఏమయ్యాయో అని ఎంత నొచ్చుకున్నానో. ఈసారి గుల్లగా వచ్చాయి, తినండి" అంది.

"పండ్లది ఏమున్నదమ్మా, రెండు పోయినా ఇంక ఇరవై ఉన్నయ్. అయినా మా సకినం లెక్క నోట్లె కరుగుతదా మీ చేగోడి?"

"కరిగిపోతే తిన్నట్టేముంటుందండీ?"

ఈ పోటీ వాళ్ళిద్దరి మధ్య పద్నాలుగేళ్ళుగా నడుస్తోంది. నేను డిక్కీ తెరిచాను. నా చేపల కర్ర పక్కన ఆయన తాళం వేసిన పొడవాటి పెట్టె పెట్టాడు. తుపాకీ.

"చేపలకు కదన్నా వెళ్తున్నది?"

"శనివారం చేపలు. ఐతారం పొద్దుగాల కొండెక్కుదం. నువ్వు తుపాకి పట్టకు, ఉత్తగ నా ఎనుక నడువు. మోకాలు నొప్పైతె కూసో. ఆఖరుసారి తమ్మీ, కాదనకు."

అంటే ఆదివారం తెల్లవారేలోగా నేను చెప్పాలి. చెప్పకుండా ఆయన తుపాకీ వెనక అడవిలో నడవలేను. చెప్పాక ఆయన నన్ను వెనక నడవనిస్తాడో లేదో తెలియదు.

తీరౌ

దక్షిణానికి వెళ్ళేవాళ్ళందరూ ఆగే ఊరు ఇది. ఇక్కడ రేకులతో పెద్ద కుక్క ఆకారంలో ఒక కట్టడం ఉంది, పక్కనే గొర్రె ఆకారంలో ఇంకొకటి. మన ఊళ్ళలో గొడ్లపాకకు వేసే మెలికల రేకే. దాంతో ఊరు పేరు తెచ్చుకుంది. చీరాల వైపు ఎవరైనా రేకులతో ఏనుగును కడితే జనం నవ్వుతారేమో. ఇక్కడ ఫొటోలు తీసుకుంటారు.

బేకరీలో ఖీమా కూరి కాల్చిన పిండివంట, 'పై' అంటారు, ఎనిమిది డాలర్లు. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో ఇందులో సగం కూడా లేదు. యాదగిరన్న జేబులోంచి చిన్న సీసా తీసి, 'పై' మీది పొర లేపి లోపల పచ్చిమిరపకాయ తొక్కు వేసుకున్నాడు. కౌంటర్ వెనక అమ్మాయి అది చూసి ఏమిటని అడిగింది. వేలి చివర అంత ఇచ్చాడు. ఆమె నాకి, కళ్ళలో నీళ్ళు తెచ్చుకుని, లోపలున్న వంటవాణ్ణి పిలిచి అతనికీ రుచి చూపించింది. డబ్బులు తీసుకోమంటే రెండింటిలో ఒక్క 'పై'కే తీసుకుంది.

కారెక్కాక ఆయన అన్నాడు: "నువ్వు మాట్లాడుతలేవ్ తమ్మీ. మోకాలా?"

"మోకాలే."

తౌపో

సరస్సు ఒడ్డున ఒక షాపులో లైసెన్సులు తీసుకున్నాం. దేశమంతటికీ ఒక లైసెన్సు, ఈ సరస్సుకూ దీంట్లో కలిసే ఏర్లకూ వేరే లైసెన్సు. ఇది నాకు ముందే తెలుసు. షాపతను చెప్పబోతుంటే నేనే చెప్పాను. ఎంత కొలతకన్నా చిన్నది వదిలేయాలో, ఎక్కడ ఈకలతో కట్టిన ఈగ తప్ప ఇంకే ఎరా వాడకూడదో కూడా చెప్పాను. అతను యాదగిరన్న వైపు చూసి "మీకు గైడ్ అక్కర్లేదన్నమాట" అన్నాడు.

"ఈయనకు పుస్తకంల ఉన్నదంత ఎర్కే. చేపకు ఎర్కనో కాదో చూడాలె" అని నాతో తెలుగులో అని, అతనితో ఇంగ్లీషులో అవునన్నాడు.

ఈ దేశంలో ట్రౌట్ చేపను అమ్మకూడదు, కొనకూడదు. పట్టుకున్నవాళ్ళు తినాలి, లేదా ఊరికే ఇవ్వాలి. ఏ హోటల్లోనూ మెనూలో ఉండదు. మనం పట్టినది తీసుకెళ్తే వండి పెడతారంతే. ఈ మాట ఇంటికి ఫోన్ చేసినప్పుడు సుగుణకు చెప్పాను. "అమ్మకానికి లేని చేపా? రేపల్లె బజార్లో చెబితే నమ్ముతారా?" అంది. నేనూ నమ్మి ఉండను. మా చిన్నప్పుడు కాలవలో గాలం వేసి కొరమీను పట్టినవాడు ఇంటికి చేరేలోపే దారిలో ముగ్గురు బేరమాడేవాళ్ళు.

లైబ్రరీ పుస్తకాల్లో చదివిన ఇంకో సంగతి. ఈ నేలమీద గబ్బిలాలు తప్ప పాలిచ్చే జంతువు ఏదీ మొదట్లో లేదు. దుప్పుల్ని ఓడల్లో తెచ్చి వదిలారు, వేటకోసం. ట్రౌట్‌ గుడ్లనూ అలాగే ఓడల్లో తెచ్చారు. యాదగిరన్నకు ఇది చెప్పాను.

"అయితె ఇద్దరు వలసొచ్చినోళ్ళు, రెండు వలసొచ్చిన పానాల ఎంట పడ్డట్టు" అన్నాడు. తర్వాత చాలా దూరం సరస్సు పక్కనే వెళ్ళాం. అవతలి ఒడ్డున మంచు కప్పిన కొండలు కనబడుతూనే ఉన్నాయి. అప్పుడు చెప్పి ఉండొచ్చు. కారు ఆయన నడుపుతున్నాడు, ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఆ ఏడాదంతా ఇలాంటి కారణమే ఏదో ఒకటి దొరికింది.

తురంగి, శనివారం

మేం దిగింది మేరియన్ అనే ఆమె క్యాబిన్లలో. డెబ్బై దాటిన మనిషి. భర్తతో కలిసి నలభై ఏళ్ళు వేటాడిందట. ఇప్పుడు ఒక్కతే క్యాబిన్లు చూసుకుంటూ, వచ్చినవాళ్ళ చేపలు పొగబెట్టి ఇస్తుంది. ఆమెతో మాటలన్నీ ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

పొద్దున్న ఏటికి వెళ్ళాం. గడ్డిమీద మంచు గట్టిపడి బూట్ల కింద పెళపెళమంది. నడుము దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు అద్దెకు తీసుకున్నాం. చేపల కర్ర ఎలా విసరాలో నేను మూడు పుస్తకాల్లో చదివాను, మా వీధి చివరి పార్కులో నెలరోజులు గడ్డిమీద విసిరాను. ఏటిలో మొదటిసారి విసిరితే కొక్కెం వెనక్కి వెళ్ళి యాదగిరన్న ఊలు టోపీకి తగులుకుంది. రెండోసారి ముందుకు లాగితే టోపీ ఎగిరి ఏట్లో పడింది.

"పట్టినవ్ తమ్మీ! కొలత సరిపోతదా?"

టోపీని కింది మలుపులో నిలబడ్డ ఒక పెద్దాయన కర్రతో అందుకుని తెచ్చి ఇచ్చాడు. ఆయన పేరు హేమి, ఈ ఏటి ఒడ్డునే పుట్టిన మావోరీ పెద్ద, ఈ దేశపు మూలవాసి. నా చేతిలో కర్ర తీసుకోలేదు, భుజం మీద చెయ్యి వేసి తిప్పి నిలబెట్టాడు. "ఏటికి ఎదురుగా కాదు, పక్కకు. నీళ్ళతో కొట్లాడకు" అన్నాడు. దారానికి కట్టిన చిన్న ఊలుముక్క తేలుతూ పోతుంటుంది, అది ఆగిందంటే చేప నోట్లో పెట్టుకుందని లెక్క. ఈ మాట పుస్తకంలో ఉంది. ఆగడం అంటే ఎంతసేపు ఆగడమో లేదు. రెప్పపాటు అని హేమి చెప్పాడు.

పదకొండింటికి ఊలుముక్క ఆగింది. లాగాను. చేతిలో కర్ర వంగి వణికింది. వేటలో లేనిది ఇదే. దుప్పికి తెలియకుండా మనం దాన్ని చూస్తాం, చేప మాత్రం మన చేతిని పట్టుకుని లాగుతుంది. ఒడ్డుకు తెచ్చేసరికి మూరెడు చేప, పక్కలు గులాబీరంగు. హేమి వచ్చి చూసి, "నీ మొదటిదా?" అని అడిగాడు. అవునన్నాను. "మా వాళ్ళు మొదటిది తిరిగి ఇచ్చేస్తారు. నీ ఇష్టం" అన్నాడు.

తడిచేత్తో పట్టుకుని నీళ్ళలో ఉంచాను. కాసేపు అక్కడే ఊపిరి తీసి, వెళ్ళిపోయింది. తుపాకీతో చేసిన పనిని ఇలా వెనక్కి ఇవ్వడం కుదరదు కదా అని ఆ నిమిషంలో అనుకున్నాను.

యాదగిరన్న పుస్తకం ముట్టకుండా మధ్యాహ్నం లోపు రెండు పట్టాడు. మొదటిది ఆయనా వదిలేశాడు. రెండోది సంచిలో వేశాడు.

పొగ షెడ్డు

మేరియన్ షెడ్డు రేకులది. చేపను వెన్నువైపు చీల్చి తెరిచి, ఉప్పూ బెల్లపు రంగు పంచదారా రాసి, మానుకా అనే ఇక్కడి చెట్టు చెక్కపొట్టు పొగలో పెడుతుంది. యాదగిరన్న సగం ముక్కకు మన కారం రాశాడు. ఆమె అడ్డు చెప్పలేదు. సాయంత్రం నాలుగైంది. ముగ్గురం పొయ్యి చుట్టూ పెట్టెల మీద కూర్చున్నాం. చేగోడీల డబ్బా నా ఒళ్ళో ఉంది, ఇంకా మూత తియ్యలేదు.

వేట మాట వచ్చింది. వస్తే యాదగిరన్న ఏ కథ చెబుతాడో నాకు తెలుసు. లేచి నిలబడి చెప్పాడు. నా అరుపు, ఆయన అరుపు, పొదల చాటున నడక, అన్నీ చేసి చూపించాడు. చివర్న, "మొదటి అరుపుకే తెలిసిపోయింది ఈయనే అని! ఈ దేశంలో ఏ దుప్పీ అంత దరిద్రంగా అరవదు" అని ముగించాడు. అందరూ నవ్వే చోటు అది.

మేరియన్ నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"నీకూ తెలుసా, అతనే అని?"

నేను నోరు తెరిచాను. తెలియకేం అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది, ఏడాదిగా వాడుతున్నదే.

"స్కోపులోంచి చూశావా?" అని అడిగింది.

"చూశాను."

"సేఫ్టీ?"

"తీశాను."

పొయ్యిలో చెక్కపొట్టు చిటపటమంది. యాదగిరన్న ఇంకా నిలబడే ఉన్నాడు, దుప్పి కొమ్ముల్లా పైకెత్తిన చేతులు కిందికి దించలేదు.

"ఏమన్నవ్?" అన్నాడు, తెలుగులో.

"దుప్పి అనుకున్నానన్నా. నువ్వని తెలియదు. వేలు ట్రిగ్గర్ మీద పెట్టాను."

"తెలుసన్నవ్ గద."

"అబద్ధం చెప్పాను."

ఆయన చేతులు దించాడు. మేరియన్‌కు మా మాటలు అర్థం కాలేదు కాని సంగతి అర్థమైంది. ఆమె గొంతు పెంచలేదు. "మరి ఎందుకు కాల్చలేదు?" అంది.

ఈ ప్రశ్నకు జవాబు నా ఒళ్ళోనే ఉంది. డబ్బా మూత తీసి ఒక చేగోడీ ఆమె చేతిలో పెట్టాను. "దీన్ని కొరకండి" అన్నాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి కొరికింది. రేకుల షెడ్డులో ఆ చప్పుడు ఎంత పెద్దగా వినబడిందో చెప్పలేను.

"ఇదే విన్నాను. పొదల వెనకనుంచి. దుప్పి చేగోడీలు తినదు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. యాదగిరన్న తలుపు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండానే, "ఆకలైంది. ఎదురుచూసి ఎదురుచూసి ఆకలైంది. జేబుల ఒక్కటే ఉండె" అన్నాడు. వెళ్ళిపోయాడు.

పొగబెట్టిన చేప మేరియన్ కాగితంలో చుట్టి ఇచ్చింది. తలుపు దాకా వచ్చి, "నా భర్త స్నేహితుడొకడు చేగోడీ లేకుండా అడవికి వెళ్ళాడు, తిరిగి రాలేదు" అంది.

క్యాబిన్లో యాదగిరన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చేప బల్లమీద పెట్టాను. తినలేదు. నేనూ తినలేదు.

ఆదివారం, మంచులో

లేచేసరికి ఆయన మంచం ఖాళీ. బూట్లు లేవు. కారు బయటే ఉంది. డిక్కీలో ఆ పొడవాటి పెట్టె ఉందో లేదో చూడాలంటే తెరవాలి. తెరవలేదు. ఒక్కడే కొండెక్కాడనుకున్నాను. ఎక్కితే నా తప్పేం లేదని, ఎక్కినా తిరిగి నాతో ఒకే కారులో ఐదు గంటలు కూర్చోవాలి కదా అని, ఇలా ఒకదానికొకటి సంబంధం లేని ఆలోచనలు వచ్చాయి. కర్ర తీసుకుని ఏటికి నడిచాను.

ఏటిమీద పొగమంచు. నా కర్ర చివర నాకే కనబడలేదు. హేమి నిలబెట్టిన చోటు గుర్తుపట్టి పక్కకు తిరిగి నిలబడ్డాను. విసిరాను. ఊలుముక్క ఎక్కడ పడిందో కూడా తెలియలేదు.

అప్పుడు ఎగువన, కరకరమని వినబడింది. కాసేపాగి మళ్ళీ.

"అన్నా?"

"నేనే తమ్మీ. దుప్పి గాదు."

ఆయన కనబడలేదు. నేనూ ఆయనకు కనబడి ఉండను. బహుశా అందువల్లే మాట్లాడుకోగలిగాం.

"ఎప్పుడొచ్చావన్నా?"

"గంటైంది. నిద్రపడితె గద." మళ్ళీ కరకర. "ఏడాది సంది ఊరంత చెప్పుకుంట తిరిగిన. ఎగురుకుంట, ఒర్రుకుంట. నా సావు కత నేనే నవ్వుకుంట చెప్పిన. నువ్వు పక్కన కూసొని నవ్వినవ్."

"నవ్వాను."

"గదే నా కోపం. గురి పెట్టినందుకు గాదు. గది నాది గూడ తప్పే, తుపాకులు తిరిగే అడవిల దుప్పి లెక్క ఒర్రుకుంట మీదికొచ్చిన. సూపర్‌వైజర్ ఉంటె చెంప పగలగొడుతుండె. నవ్వినవ్ సూడు, గందుకు కోపం."

"ఎంతకాలం ఉంటుందన్నా?"

"ఉంటది. గంతల నువ్వు చేప పట్టు."

నా ఊలుముక్క ఆగిందో కొట్టుకుపోయిందో నేను చూడటంలేదు. పైనుంచి మళ్ళీ ఒకటి కొరికిన చప్పుడు.

"పొద్దున్నే అన్ని తింటున్నావేంటన్నా? కడుపునొప్పి వస్తుంది."

"తినకుంటె నేనెక్కడున్ననో నీకెట్ల తెలుస్తది?"

తొమ్మిదింటికి పొగమంచు విడిపోయింది. ఆయన నాకు ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నాడు. డబ్బా ఖాళీ. ఆ పొద్దున ఇద్దరికీ ఒక్క చేపా పడలేదు. తుపాకీ డిక్కీ దిగలేదు. నిన్నటి పొగచేప చల్లగానే తిన్నాం, కారం రాసిన సగం ముందు అయిపోయింది.

తిరిగి వచ్చాక

యాదగిరన్న వేట మానలేదు. ఆగస్టులో ఒంటరిగా వెళ్ళొచ్చాడు, నారింజరంగు జాకెట్టు కొనుక్కుని. నన్ను రమ్మనలేదు. చేపలకు మాత్రం రెండుసార్లు తనే ఫోన్ చేశాడు. వేట నేను మానేశాను. మోకాలి వల్ల కాదని ఇప్పుడు అందరికీ తెలుస్తుంది. అరవై రెండేళ్ళకు నేర్చుకున్న పని కాబట్టి చేపలు పట్టడంలో నేను ఇంకా అధ్వానమే. కాని చేపలు పట్టే చోట పొరపాటు చేస్తే టోపీ పోతుంది, అంతే.

మొన్న ఆల్బనీలో ఒకరి గృహప్రవేశంలో భోజనాల దగ్గర ఎవరో అడిగారు, "అంకుల్, ఆ దుప్పి కథ చెప్పండి" అని. యాదగిరన్న నా వైపు చూశాడు.

"గా కత ఇప్పుడు తమ్మిది. ఆయనే చెప్పాలె."

తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, "నోటితోని వద్దు, మళ్ళ నవ్వుతవ్. రాయి. నీకు పుస్తకాలంటె ఇష్టం గద" అన్నాడు.

అందుకని రాశాను.

ఇది రాయడానికి కారణమైనవాళ్ళను పేరుపెట్టి తలుచుకోవాలి. చేపల పుస్తకాలు గడువు దాటినా రెండుసార్లు పొడిగించిన లైబ్రరీ ప్రియాంక. నన్ను పక్కకు తిప్పి నిలబెట్టిన హేమి. నేను ఏడాదిపాటు తప్పించుకున్న ప్రశ్నను మూడు ముక్కల్లో అడిగిన మేరియన్. కోపం ఉందని చెప్పి, దాన్ని దాచుకోకుండా నా పక్కనే ఏట్లో నిలబడ్డ యాదగిరన్న.

చివరగా సుగుణ. నీకు నేను నోటితో చెప్పలేదు, ఇది చదివి తెలుసుకుంటావు. వాక్యూమ్ గొట్టం ఎందుకు పొట్టిదైందో కూడా ఇప్పుడే తెలిసి ఉంటుంది. ఆ ఏప్రిల్లో చేగోడీలు రాళ్ళలా వచ్చాయని నువ్వు ఏడాదిపాటు నొచ్చుకున్నావు. అవి అంత గట్టిగా ఉండబట్టే నాకు వినబడింది.